పులిహోరతో పలకరింపు

మా మామ్మ ఒక్కసారి గొంతెత్తి "ఆగు" అందంటే గోదారి వైనతేయ పాయ వెనక్కి తిరిగి ధవళేశ్వరం దాకా పోయి, ఆనకట్ట దగ్గర తలొంచుకుని నిలబడుతుంది. మా అల్లవరం వైపు ఎవరినడిగినా ఈ మాటే చెబుతారు. ఎవరూ చెప్పకపోతే నేనున్నాను చెప్పడానికి. ఆ గొంతు చిన్నప్పట్నించీ రోజూ పొద్దున్నే పడింది నా చెవిలోనే కదా.

పేరు సత్యనారాయణమ్మ. మా నాన్నకి తల్లి. పుట్టింది వైనతేయకి అవతల, మామిడికుదురు దాటాక వచ్చే చినగరువులో. పెళ్ళి చేసుకుని ఇవతలికి వచ్చింది. తాతయ్య వరిచేలు చూసుకుంటే ఈవిడ కొబ్బరితోట చూసుకునేది. దింపు తీసే రోజున నీడలో పీట వేసుకుని కూర్చుని, కాయ నేల మీద పడిన చప్పుడు విని "ఇది లేత, అది ముదురు" అని తేల్చేసేది. సగం తప్పే. కానీ తప్పని చెప్పే ధైర్యం దింపు తీసేవాళ్ళకి లేదు, తాతయ్యకి అసలు లేదు.

బడి మొహం చూడలేదు. కానీ మర్యాదల దగ్గర మాత్రం ఆవిడ చదివినంత చదువు జిల్లాలో ఎవరూ చదవలేదు. ఎవరింట్లో శుభకార్యానికి ఎవరు ఎలా పిలిచారో అన్నీ గుర్తు. లోపలికొచ్చి బొట్టు పెట్టి పిలిచారా, గుమ్మం బయట నిలబడి పిలిచారా, దారిలో ఎదురైతే పిలిచారా. దారిలో పిలిచినవాళ్ళ ఇంటికి వెళ్ళేది కాదు. గుమ్మం బయట పిలిచినవాళ్ళింటికి వెళ్ళి, భోజనం చెయ్యకుండా వచ్చేది. ఇంటికొచ్చాక ఆకలికి ఆగలేక నా గిన్నెలో అన్నం లాక్కునేది.

ఈ మర్యాదల పిచ్చే చివరికి సొంత అక్కని దూరం చేసింది.

మామ్మకి ఒక్కతే అక్క. పేరు బుచ్చమ్మ. మేం పెద్దమామ్మ అంటాం. ఆవిడని చినగరువులోనే ఇచ్చారు కాబట్టి పుట్టిన ఊళ్ళోనే ఉండిపోయింది. మా తాతయ్య పోయినప్పుడు పెద్దమామ్మ పరుగున వచ్చి, కర్మలన్నీ అయ్యేదాకా మా ఇంట్లోనే ఉంది. మామ్మ పక్కనే పడుకుని, మామ్మకి ముద్దలు కలిపి పెట్టింది. ఆ తర్వాత కొన్నాళ్ళకి పెద్దమామ్మ చిన్నకూతురి పెళ్ళి కుదిరింది. శుభలేఖ పోస్టులో వచ్చింది.

"సొంత చెల్లెలికి పోస్టులో శుభలేఖా!" అని మామ్మ దాన్ని వసారాలో బల్ల మీద పడేసింది. ముట్టుకోలేదు. అక్క వస్తుంది, బొట్టు పెడుతుంది అని ముహూర్తం పొద్దుటి దాకా గుమ్మంలోకి చూస్తూనే ఉంది. రాలేదు. మామ్మ పెళ్ళికి వెళ్ళలేదు. పెద్దమామ్మ ఏమందో తర్వాత తెలిసింది. "దాన్ని నేను పిలవడమేంటి? ఇంటి మనిషికి పిలుపేంటి? ముందు రోజే వచ్చి పెళ్ళి నెత్తినేసుకుంటుందనుకున్నాను" అందట. ఇద్దరి మాటా నిజమే. అందుకే ఎవరూ తగ్గలేదు. ఏళ్ళు గడిచాయి. ఇద్దరి మధ్యా మాటల్లేవు.

తొంభై ఆరులో కోనసీమని తుఫాను ఊడ్చేసింది. అది తగ్గిన కొన్ని వారాలకి పెద్దమామ్మ భర్త పోయాడు. కబురొచ్చింది. నాన్న చొక్కా వేసుకుని "అమ్మా, పద" అన్నాడు.

"ఎలా వెళ్తాంరా? దారంతా చెట్లు పడిపోయి ఉంటే."

"రోడ్లు ఎప్పుడో బాగుచేసేరమ్మా. బస్సులు తిరుగుతున్నాయి."

"నువ్వెళ్ళిరా" అని మామ్మ పెరట్లోకి వెళ్ళిపోయింది.

నాన్న ఒక్కడే వెళ్ళొచ్చాడు. ఆ రోజంతా మామ్మ పడిపోయిన కొబ్బరిచెట్టు మొదలు మీద కూర్చుని, అయినదానికీ కానిదానికీ కోళ్ళని తిట్టింది. అన్నం తినలేదు.

మా వైపు చావు జరిగిన ఇంటికి పలకరింపుకి వెళ్ళడానికి ఏడాదే గడువు. సంవత్సరీకం అయిపోయాక వెళితే దాన్ని పలకరింపు అనరు. సొంత అక్కకి భర్త పోతే ఏడాదిలో ఒక్కసారి వెళ్ళి పట్టుకుని ఏడవని చెల్లెలు, ఇంక ఏ మొహం పెట్టుకుని ఆ గుమ్మం ఎక్కుతుంది? మార్గశిరంలో సంవత్సరీకం. భాద్రపదం వచ్చేసింది. మామ్మ కేకలు తగ్గిపోయాయి. కొబ్బరికాయ పడితే లేతో ముదురో చెప్పడం కూడా మానేసింది. ఇంట్లో అందరికీ కారణం తెలుసు. అనే ధైర్యం ఎవరికీ లేదు.

క్వార్టర్లీ పరీక్షలయ్యాయి. సెలవులిచ్చారు. ఒక సాయంత్రం మామ్మ ఉన్నట్టుండి అంది:

"ఒరేయ్ ఆదినారాయణా, పిల్లల్ని ఎక్కడికీ తిప్పవేంట్రా?"

"ఎక్కడికమ్మా?" అన్నాడు నాన్న.

"మా ఊళ్ళో కథలాయన ఇల్లు లేదూ? ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చి చూసి వెళ్తున్నారంట. మన వాణి పుస్తకంలో కూడా ఆయన పాఠం ఉందంట కదా. పిల్లలకి చూపించాలి."

చినగరువులో పూర్వం ఒక రచయిత ఉండేవాడు. ఆయన పోయాక ఇంటిని అలాగే ఉంచి, వచ్చినవాళ్ళకి చూపిస్తున్నారు. వాణిని నేనే. మా ఏడో తరగతి వాచకంలో ఆయన కథ ఒకటి ఉన్న మాట నిజమే. దాని మీద అడిగిన ప్రశ్నకి నేను రాసిన జవాబు చూసి మాస్టారు నన్ను బెంచీ ఎక్కించిన మాట కూడా నిజమే.

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ చేటలో బియ్యం వైపు చూసింది.

"ఆదివారం వెళ్దామా?" అన్నాడు నాన్న.

"వద్దు. మంగళవారం, శుక్రవారం కూడా పనికిరాదు. బుధవారం వెళ్దాం."

నేను ఊరుకోవచ్చు కదా. "కథలాయన ఇంటికి వారం వర్జ్యం ఎందుకు మామ్మా? ఆయనేమైనా పెళ్ళికొడుకా?" అన్నాను.

"నోర్ముయ్యవే. చదువు లేదు గానీ ప్రశ్నలు మాత్రం ఊరందరికీ సరిపడా ఉన్నాయి" అంది.

బుధవారం పొద్దున్నే బయల్దేరాం. నాన్న, అమ్మ, మామ్మ, నేను, బడిలో చేరి ఏడాదైన చెల్లెలు దుర్గాశ్రీ, నడక వచ్చినా చంక దిగని తమ్ముడు బంగారరాజు. పిల్లలతో రోజంతా తిరగాలి కాబట్టి అమ్మ పెద్ద క్యారేజీ నిండా పులిహోర కలిపింది. మామ్మ మాత్రం పెట్టెలో ఉన్న మంచి చీరలన్నీ వదిలేసి, వెలిసిపోయిన నేతచీర కట్టింది. అమ్మ అది చూసింది. పులిహోర వైపు చూసుకుంది. క్యారేజీ మూత గట్టిగా బిగించింది.

అమలాపురంలో బస్సు మారి బోడసకుర్రు రేవులో దిగాం. అప్పటికి అక్కడ వంతెన లేదు. మనుషులూ సైకిళ్ళూ మోటారు బళ్ళూ అన్నీ పంటు మీదే ఏరు దాటేవి. పంటు ఎక్కగానే దుర్గాశ్రీ కటకటాలు పట్టుకుని "ఇది మునిగితే ముందు ఎవరు మునుగుతారు?" అని అడగడం మొదలుపెట్టింది. బంగారం మామ్మ మెడ పట్టుకుని వదల్లేదు.

పంటు సగం దూరం పోయాక ఎవరో పలకరించారు.

"ఎవరూ, సత్యనారాయణమ్మ గారాండీ? ఎన్నాళ్ళకండీ మిమ్మల్ని చూడ్డం! నేనండీ, కామేశ్వరిని. మీ అక్కగారి వీధేనండీ మాది."

మామ్మ తల ఊపింది.

"అక్కగారింటికేనాండీ?"

ఇక్కడ "ఆయ్, అక్కడికేనమ్మా" అంటే సరిపోయేది. కానీ చుట్టూ చినగరువు వాళ్ళు ఇంకొందరు ఉన్నారు. అందరూ ఇటే చూస్తున్నారు. పోస్టులో శుభలేఖ సంగతి వాళ్ళందరికీ తెలుసు. మామ్మ పమిట సర్దుకుంది.

"లేదమ్మా. పిల్లలు కథలాయన ఇల్లు చూస్తామని ప్రాణం తీసేస్తుంటే తీసుకొచ్చేం. చూపించేసి వెళ్ళిపోతాం."

"నేనెప్పుడు ప్రాణం తీసేను?" అంది దుర్గాశ్రీ పంటంతా వినపడేలా.

"మరి బుచ్చమ్మ గారినీ..." అని కామేశ్వరి ఆగింది. "బావగారు పోయేక మీరు రాలేదని..."

"చూస్తానమ్మా, వీలుంటే" అంది మామ్మ.

అవతలి రేవులో దిగగానే కామేశ్వరి ఎవరిదో మోపెడ్ వెనకాల కూర్చుని ముందు వెళ్ళిపోయింది. మేం ఆటో బేరమాడుకుని, బంగారానికి వాంతి అయితే ఆగి, వెనకాల వెళ్ళాం. దారి పొడుగునా తుఫానుకి తలలు తెగిన కొబ్బరిచెట్లు మొండి స్తంభాల్లా నిలబడి ఉన్నాయి. మామ్మ వాటిని చూస్తూ, ఇది ఫలానా వాళ్ళ తోట, అది ఫలానా వాళ్ళది అని మెల్లగా చెప్పుకుంటోంది. మాకు చెబుతోందో తనకి చెప్పుకుంటోందో తెలియలేదు.

కథలాయన ఇల్లు పెంకుటిల్లు. ముందు అరుగు, లోపల ఒక గది. గదిలో ఆయన కుర్చీ, కళ్ళజోడు, గోడకి ఫొటో. ఇల్లు చూసుకునే ముసలాయన చాలా మర్యాదస్తుడు. దుర్గాశ్రీని కూడా "రండండీ" అన్నాడు.

"ఇదేనాండీ? ఇంతేనా?" అంది దుర్గాశ్రీ. "ఇంతకంటే మా ఇల్లే పెద్దది."

"ఆయ్, నిజమేనండీ. ఆయన ఈ కుర్చీలోనే కూర్చుని రాసేవారండీ."

మా మామ్మ ఆ రోజు చూపించిన సాహిత్యాభిమానం నేను మళ్ళీ ఎవరిలోనూ చూడలేదు. కుర్చీ ఏ కర్రతో చేశారంది. కళ్ళజోడు ఎక్కడ కొన్నారంది. ఆయన రాసేటప్పుడు ఈ కిటికీ మూసేవారా తెరిచేవారా అంది. ముసలాయనకి జవాబులు అయిపోయినా మామ్మకి ప్రశ్నలు అవలేదు. వీధి అవతల నాలుగిళ్ళు దాటితే పెద్దమామ్మ ఇల్లు. మామ్మ ఒక్కసారి కూడా అటు చూడలేదు.

మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని పులిహోర తిన్నాం. మామ్మ తినలేదు. నాన్న చెయ్యి కడుక్కుని మెల్లగా, "అమ్మా, పదిగంటలకే వచ్చేం. ఎండ దిగిపోతోంది" అన్నాడు.

"నాకు తెలుసురా. పలకరింపు అయ్యేక ఇంకో ఇంటి గడప తొక్కకూడదు. అందుకే ఇది ముందు చూపించేసి, ఆఖర్న అటు వెళ్ళి, అక్కణ్ణించి తిన్నగా ఇంటికి పోదామని." మొట్టమొదటిసారి ఆ మాట పైకి అంది. అని లేచింది. "మీరు రాకండి. నేనొక్కదాన్నీ వెళ్తాను."

కానీ బంగారం వదలాలి కదా. చీర పట్టుకుని ఏడుపు లంకించుకున్నాడు. ఎత్తుకోక తప్పలేదు. అమ్మ నన్ను తోసింది. "నువ్వు కూడా వెళ్ళవే. వాడు అక్కడ ఏడిస్తే బయటికి తీసుకురా." వాడి మొహం కడగడం ఎవరికీ తట్టలేదు. బుగ్గంతా పసుపు.

పెద్దమామ్మ వసారాలో గోడకి చేరగిలబడి కూర్చుంది. సన్నగా అయిపోయింది. బొట్టు లేదు. మమ్మల్ని చూసి కదల్లేదు.

మా వైపు పలకరింపుకి వచ్చినవాళ్ళు గుమ్మంలోంచే ఏడుపు ఎత్తుకుంటారు. ఇంటివాళ్ళు అందుకుంటారు. ఇద్దరూ పట్టుకుని ఏడుస్తారు. అదయ్యాకే మాటలు. మామ్మ బంగారాన్ని దింపి, "అక్కా... ఎంత పని జరిగిపోయిందే అక్కా..." అని గొంతెత్తింది. వైనతేయని వెనక్కి పంపే గొంతు. పెంకులు అదిరాయి. వీధిలోవాళ్ళు ఆగారు.

పెద్దమామ్మ అందుకోలేదు.

మామ్మ ఇంకోసారి "అక్కా" అంది. ఇంకోసారి. ఒక్కర్తే ఏడవడం ఎంతసేపని సాగుతుంది? గొంతు తగ్గుతూ తగ్గుతూ వచ్చి వసారా మధ్యలో ఆగిపోయింది. మామ్మ చేతులు గాలిలో ఉండిపోయాయి. వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు కిందికి దింపుకుంది.

అప్పుడు పెద్దమామ్మ బంగారం వైపు చూసి, "పులిహోర తిన్నావా నాన్నా?" అంది.

"తిన్నాను" అన్నాడు వాడు.

"బాగుందా?"

"ఊ."

"కథలాయన కుర్చీ చూసేరా?" ఈసారి నన్ను అడిగింది. నేను తల ఊపాను.

"అక్కా, నేనూ..." అంది మామ్మ.

"కూర్చో సత్యం. దూరం నించి వచ్చేరు. ఊరు చూడ్డానికొచ్చి, వీలు చూసుకుని ఇటు కూడా వచ్చేవు. సంతోషం." గొంతులో కోపం లేదు. చుట్టాలతో మాట్లాడినట్టే ఉంది. లోపలికి తిరిగి కోడల్ని పిలిచింది. "సూర్యావతీ, కాఫీ పెట్టమ్మా. పిల్లాడికి బిస్కట్లు తే."

చావింటికి పలకరింపుకి వచ్చినవాళ్ళకి ఎవరూ కాఫీ ఇవ్వరు, వాళ్ళు తాగరు. ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళకే కాఫీ. పన్లో పనిగా వచ్చిన పలకరింపు తనకి అక్కర్లేదని పెద్దమామ్మ అంతకంటే మెత్తగా చెప్పలేదు. అంతకంటే గట్టిగానూ చెప్పలేదు. మామ్మ పంటు మీద అన్న మాట మా కంటే ముందే ఈ వసారాకి చేరిపోయింది. వారం చూసుకుంది, చీర చూసుకుంది, తర్వాత ఏ గడపా తొక్కకూడదని వరస కూడా చూసుకుంది. పలకరింపుకి మనిషి దానికోసమే రావాలన్న ఒక్క సంగతి మాత్రం, మర్యాదల్లో అంత చదువు చదివిన మామ్మకి తట్టలేదు.

సూర్యావతి స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి మామ్మ ముందు పెట్టింది. మామ్మ గ్లాసు వైపు చూస్తూ కూర్చుంది. తాగితే చుట్టం అయిపోతుంది. తాగకపోతే అక్క ఇచ్చింది కాదన్నట్టు అవుతుంది. కాఫీ మీద మీగడ కట్టింది. బంగారం మాత్రం బిస్కట్లన్నీ తిని, ఇంకోటి అడిగాడు.

మామ్మ లేచింది. కాఫీ ముట్టలేదు. చావింట్లో "వెళ్ళొస్తాను" అనకూడదు కాబట్టి ఏమీ అనకుండా మెట్లు దిగింది.

వెనకనించి పెద్దమామ్మ, "వెళ్ళిరండి. పంటు వేళ దాటిపోతుంది" అంది. ఆ మాట కూడా చుట్టాలకి చెప్పేదే.

తిరుగుదారిలో పంటు మీద మామ్మ కటకటాల దగ్గర నీళ్ళకేసి తిరిగి నిలబడింది. నాన్న వెళ్ళి పక్కన నిలబడ్డాడు.

"పెద్దమ్మ ఏమందమ్మా?"

"కాఫీ ఇచ్చింది."

నాన్నకి అర్థమైంది. దుర్గాశ్రీకి అర్థం కాలేదు. "కాఫీ ఇస్తే మంచిదే కదా? మాకెందుకు ఇవ్వలేదు?" అని అమ్మ చెయ్యి గుంజింది. అమ్మ దాని నోరు మూసింది.

ఇంటికొచ్చాక మామ్మ గుమ్మం ఎక్కలేదు. తిన్నగా నూతి దగ్గరికి వెళ్ళి, కట్టుబట్టలతోనే నెత్తి మీంచి నీళ్ళు పోసుకుంది. నన్నూ బంగారాన్నీ పిలిచి మా నెత్తిన కూడా పోసింది. వాడు గుక్కపెట్టి ఏడ్చాడు. అక్క పలకరింపు కాదన్నా తనకి మాత్రం పలకరింపే అన్నట్టు పద్ధతంతా చేసింది. చేస్తూ ఏడ్చింది. నీళ్ళు పడుతున్నాయి కాబట్టి ఎవరికీ తెలియదనుకుంది.

"తప్పు నాదే, పులిహోర చెయ్యకుండా ఉండాల్సింది అత్తయ్యా" అంది అమ్మ తువ్వాలు అందిస్తూ.

"పులిహోరదేముందే. నా నోటిది" అంది మామ్మ.

మర్నాడు తెల్లారేసరికి మామ్మ మంచం ఖాళీ. నిన్నటి నేతచీర ఇంకా తడిగా ఉంటే, ఇంకో పాతది కట్టుకుని మొదటి బస్సుకి వెళ్ళిపోయిందట. చేతిలో సంచీ లేదు. పిల్లల్ని తీసుకోలేదు. నాన్న వెంట వస్తానంటే, "నిన్న మందని తోలుకెళ్ళింది చాలు" అందట. పంటు మీద ఎవరైనా అడిగితే ఏం చెప్పిందో నాకు తెలియదు. ఏదైనా నోరారా చెప్పే ఉంటుంది.

ఆ రోజంతా ఇంట్లో ఎవరం పనులు సరిగ్గా చెయ్యలేదు. నాన్న రెండుసార్లు బస్టాపు దాకా వెళ్ళొచ్చాడు. ఆవిడ తిరిగి రాకపోతే ఏమవుతుందన్న భయం కాదు. కాఫీ గ్లాసు మళ్ళీ ముందు పెట్టి ఉంటే ఏమవుతుందన్న భయం. ఆ గ్లాసుని మా మామ్మ ఇంకోసారి తట్టుకోలేదు.

చీకటి పడే వేళకి వచ్చింది. గొంతు పూర్తిగా పోయింది. "నీళ్ళు" అంటే గాలి తప్ప ఏమీ వినపడలేదు. మొహం ఉబ్బిపోయి, కళ్ళు గీతల్లా ఉన్నాయి. తల స్నానం చేసినట్టు జుట్టు తడిగా ఉంది. ఒంటి మీద చీర ఆవిడది కాదు. బూడిదరంగు మీద సన్న గీతల చీర. అది నిన్న పెద్దమామ్మ కట్టుకున్నది.

నేనా మాట చెవిలో వెయ్యగానే అమ్మ దేవుడి గూటి వైపు తిరిగి దణ్ణం పెట్టుకుంది.

మామ్మ గొంతు రావడానికి వారం పట్టింది. ఆ వారం మా ఇల్లు పాడుబడ్డ కొంపలా ఉంది. కోళ్ళు కూడా బెంగపెట్టుకున్నాయి.

ఆ రోజు వాళ్ళిద్దరి మధ్యా ఏం జరిగిందో నాకు తెలియదు. తర్వాత చాలాసార్లు రాకపోకలు జరిగాయి. పెద్దమామ్మ పోయి కూడా కొన్నేళ్ళయింది. అప్పుడు మా మామ్మ అందరికంటే ముందు ఆ గుమ్మంలో ఉంది. కానీ ఆ గురువారం సంగతి మాత్రం పెదవి దాటనివ్వలేదు. నేను బతిమాలాను, ఉడికించాను, ఆవిడకిష్టమైన జీళ్ళు కొని తెచ్చి లంచం పెట్టాను. జీళ్ళు తినేసింది.

మొన్న ఇదంతా రాసి, పక్కన కూర్చుని మొత్తం చదివి వినిపించాను. కళ్ళు మూసుకుని విన్నది. వైనతేయ సంగతి దగ్గర ఒకసారి మూతి తిప్పింది. కాఫీ గ్లాసు దగ్గర పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. అయిపోయాక అడిగాను: "మామ్మా, అంతా ఉంది గానీ అసలుదే లేదు. ఆ రోజు మీ అక్కా నువ్వూ ఏమేం అనుకున్నారో చెబితే అది కూడా రాసేస్తాను. చదివేవాళ్ళు అడుగుతారు కదా."

మామ్మ కళ్ళు తెరిచింది.

"అడిగితే అడగనీ. నేను మా అక్కని పలకరించడానికి వెళ్ళేను గానీ, నీకు కథ తేవడానికి వెళ్ళలేదు."